నాయన విస్తట్లో ఉప్పు

ఢిల్లీ నుంచి వచ్చిన ఆ అమ్మాయి నా ఒళ్ళో ఒక ఫొటో పెట్టింది. పొడవాటి బల్ల, దాని మీద తెల్లగుడ్డ, పూలు, గాజుగ్లాసులు. రెండు పక్కలా కోట్లు వేసుకున్న పరాయిదేశపు పెద్దలు, నడుమ మా అన్న కేశవుడు. అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతుంటే మా అన్న ఒక్కడు తల వంచుకుని పక్కాయన పళ్ళెంలోకి చూస్తున్నాడు. చేతిలో చిన్న గాజు గిన్నె. గిన్నెలో ఏముందో ఆ అమ్మాయి చెప్పకముందే నాకు తెలుసు. "అవ్వా, సార్ ఎక్కడ సంధి మాటలకు కూర్చున్నా ముందు భోజనం పెట్టించేవారట. ఎవరింట్లో కూర్చున్నారో ఆ ఇంటి పెద్ద ముందు తినాలట. ఆయన ముద్ద మింగేదాకా సార్ కాగితం తీసేవారు కాదట. ఢిల్లీలో అందరూ అది సార్ మర్యాద అంటారు. ఇక్కడ నేర్చుకున్నదేనా?" అని అడిగింది. ఇక్కడ నేర్చుకున్నదే తల్లీ అన్నాను. ఆ పిల్ల రాసుకుంది. మా అన్న మీద పుస్తకం రాస్తోందట. సంగటి తిని, బాగుందని చెప్పి, కారెక్కి బెంగళూరు వైపు పోయింది. కారు దుమ్ము అణిగేదాకా గడపలో నిలబడి, లోపలికొచ్చి నా మనవరాలిని పిలిచాను. నువ్వు రాయవే, నేను చెబుతాను, పుస్తకంలో మర్యాద అని పడబోయేదాని కింద ఎంత నెత్తురుందో రాయి అన్నాను.

నేను చదువుకోలేదు. వేలిముద్ర తప్పించుకుని సంతకం పెట్టేంత వరకే నా అక్షరాలు. చెప్పి రాయించడం మాత్రం కొత్త కాదు. మా అన్న ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి నేను రొద్దం పోస్టాఫీసులో కూర్చుని ఉత్తరాలు రాయించాను. ఒకచోట మంచు మోకాళ్ళ దాకా పడుతుందన్నాడు, ఇంకోచోట ఇసుక తప్ప ఏమీ లేదన్నాడు, మరోచోట రాయబారిగా ఉంటే ఇంటి మీద బాంబు పడి కిటికీలన్నీ పోయాయన్నాడు. అలా దేశాలు తిరిగి తిరిగి, జుట్టంతా తెల్లబడ్డాక రాష్ట్రపతికే పరాయిదేశాల సంగతుల్లో సలహా చెప్పేవాడయ్యాడు. కొట్టుకునే దేశాల నడుమ కూర్చుని మాట కుదిర్చాడని పేపర్లో వేస్తే పోస్టుమాస్టరు నాకు చదివి వినిపించేవాడు. అంతటి మనిషి ఏళ్ళ తరబడి పెనుకొండ దాటి మా ఊరి దారి తొక్కలేకపోయాడు. తొక్కితే నరికేవాడు ఉన్నాడు. ఆ నరికేవాడికి మూడు పూటలా వండిపెట్టింది నేనే.

మా ఊరు రొద్దానికీ పెనుకొండకూ నడుమ. నల్లరాళ్ళ గుట్టలు, మేము చెనిక్కాయ అనే వేరుశనగ చేలు, గొర్రెలు. మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది అవ్వ దగ్గుతో. నాయన తల్లి ఆమె. లేవగానే వాకిట్లో పేడనీళ్ళు చల్లించి, పొయ్యి అలికించి, ముందు ఉప్పుకుండ మూత తీసి చూసేది. ఆ కుండ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తడి మట్టి, పొగ, దాని పక్కనే వేలాడే ఎండుమిరపకాయల ఘాటు. ఉప్పును చేతి నుంచి చేతికి ఇవ్వనిచ్చేది కాదు, ఇస్తే కొట్లాట అని. కింద పెట్టాలి, అవతలి మనిషి తీసుకోవాలి. కూలోళ్ళకు అన్నం పెట్టినా ఉప్పుకారం తనే సరిచూసేది. "ఉప్పు తినిపోతే మనోడు, తినకపోతే దారినపోయేటోడు" అనేది. ఆ మాట ఆమెకు ఊరికే అనే మాట కాదు. మా వైపు రెండిళ్ళ మధ్య నరుకుళ్ళు ఆగాలంటే రాజీకూడు తినాలి. రెండు పక్కలవాళ్ళూ ఒకే కుండలో వండింది ఒకే వరసలో కూర్చుని తింటారు. ఆ ఇంటి ఉప్పు తిన్నవాడు ఆ పగ మీద ఇక కత్తి ఎత్తకూడదు. ఎత్తితే వాడి సొంత మనుషులే వాడికి నీళ్ళు పోయరు. కాగితం, స్టాంపు, పోలీసు ఏమీ లేవు. ఉప్పు ఒక్కటే.

మాకు గంగప్ప ఇంటితో పగ. గంగప్ప మా ఊరివాడే, మాలాగే భూములున్నవాడు. వాళ్ళ గొర్రెలు మా చెనిక్కాయలో పడితే మా పెదనాయన రెండు పొట్టేళ్ళు పట్టి కట్టేశాడు. మూడో రోజు మేమంతా చేలో కాయ పీకుతున్నాం. పెదనాయన నాకు నాలుగు సాళ్ళ అవతల ఉన్నాడు. గట్టు వెనక నుంచి నలుగురు లేచారు. మొదటి దెబ్బ మెడ మీద పడలేదు, భుజం మీద పడింది. "అమ్మా" అన్నాడు, అవ్వ అక్కడే ఉంది. రెండో దెబ్బకు చేయి తెగి పడింది. పడిన చేతిలో చెనిక్కాయ చెట్టు అలాగే ఉంది, కాయల నుంచి మట్టి రాలుతోంది. అవ్వ ఆ చేతిని తన కొంగులో చుట్టుకుని ఇంటి దాకా నడిచి వచ్చింది. అనంతపురం కాలేజీలో చదువుతున్న మా అన్నకు కబురు పంపితే వచ్చి శవాన్ని మోశాడు. అప్పుడు అతనికి ఇరవై ఏళ్ళు. నాకు పదిహేను.

తరవాత మావాళ్ళు వాళ్ళ కాపరి కాలు నరికారు. వాళ్ళు మా గడ్డివామి తగలబెట్టారు, వామి పక్కన కట్టేసిన ఎద్దు తాడు తెగక అక్కడే కాలింది. ఎద్దు అరుపు మనిషి అరుపు కంటే ఘోరం, రాయి ఈ మాట. ఊళ్ళో ఆడవాళ్ళు బిందె పట్టుకుని బయటికి రావడం మానేశారు. అప్పుడు మా అన్న కాలేజీకి పోకుండా ఉండిపోయాడు. రోజూ చెప్పులు మా గడపలో వదిలి, ఉత్త కాళ్ళతో గంగప్ప ఇంటికి పోయేవాడు. అక్కడ వాళ్ళు తిట్టిన తిట్లన్నీ విని ఇక్కడికొచ్చి వాళ్ళన్న మంచి మాట ఒక్కటి ఉంటే అది మాత్రం చెప్పేవాడు. ఇక్కడ నాయనా అవ్వా తిట్టినవన్నీ కూడా అంతే, దారిలో పారేసి, పనికొచ్చేది తీసుకుపోయేవాడు. "ఏమప్పా కేశవా, మీ నాయన ఇంత మెత్తగా మాట్లాడినాడా?" అని గంగప్ప ఆశ్చర్యపోయేవాడట. నాయన మెత్తగా మాట్లాడింది ఒక్కనాడూ లేదు. ఇలా రెండు నెలలు తిరిగి రాజీకూటికి ఒప్పించాడు. మా ఇంట్లో, పట్టపగలు, కత్తులు బయట పెట్టి.

ఆ రోజు వంట నాది. మూడు పొట్టేళ్ళు కోశారు. పెద్ద గుండిగలో కూర ఉడుకుతోంది, ఇంకో దాంట్లో సంగటి. అవ్వ వచ్చి నా పక్కన గొంతు కూర్చుంది. ఉప్పుకుండ ఎత్తి కొంగు కింద పెట్టుకుంది.

"ఉప్పు ఎయ్యొద్దుమే."

"అదేందవ్వా, చప్పిడి కూడు ఎట్ల తింటారు?"

"నా కొడుకు చెయ్యి నేను కొంగులో పెట్టుకోని వచ్చినా. వాని రక్తానికి ఉప్పు పెట్టి మాపుకుంటానా? తిననీ, చప్పిడే తిననీ. ఉప్పు లేకుంటే ఒట్టు లేదు. రేపు మనోళ్ళ చేతులు మన చేతుల్లోనే ఉంటాయి."

కుండ తీసుకుపోయి అటక మీద పెట్టింది. నేను ఎదురు చెప్పలేదు. ఆమె కళ్ళు చూస్తే ఎవరూ చెప్పలేరు.

వరసలో వాళ్ళూ మేమూ కలిపి ముప్పై మంది కూర్చున్నారు. గంగప్ప పక్కన మా అన్న, గంగప్పకు అవతల వాళ్ళ కొడుకు తిప్పన్న, మీసం అప్పుడే వస్తున్నవాడు. మా నాయన ఇంటి పెద్ద కాబట్టి అందరూ తిన్నాకే తినాలి, వడ్డన చూస్తూ నిలబడ్డాడు. మా అన్న ముద్ద ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. తల తిప్పి వంటింటి గడపలో ఉన్న నా వైపు చూశాడు. ఒక్క చూపే. గంగప్ప కూడా ముద్ద చేతిలోకి తీసుకున్నాడు, ఇంకా నోటికి పోలేదు. బయట గోడకు ఆనించిన మచ్చుకత్తులు ముప్పై ఉన్నాయి. ఉప్పు లేదని ఒక్కరు అరిస్తే అందరూ వాటి మీద పడతారు, మా వాకిలి కబేళా అవుతుంది. మా అన్న నవ్వాడు.

"మామా, మా చెల్లెలు ఇప్పుడే వంట నేర్చుకుంటాండాది. ఉప్పు మర్చిపోయింది. రోంత ఉండండి."

లేచి, అటక ఎక్కి, కుండ దించాడు. అవ్వ అతని చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి వచ్చాడు. కొబ్బరిచిప్ప గరిటెతో ముప్పై విస్తళ్ళలోనూ మూల మీద ఉప్పు పెట్టుకుంటూ పోయాడు, వాళ్ళకూ మావాళ్ళకూ. గంగప్ప పగలబడి నవ్వాడు. "ఈ పిల్లను చేసుకునేటోడు ఎవడో గాని, వాని బతుకంతా చప్పిడే!" అన్నాడు. తిప్పన్న కూడా నవ్వాడు. ముప్పై మందీ ఉప్పు కలుపుకుని తిన్నారు. 

అందరూ చేతులు కడుక్కుని వాకిట్లో ఆకువక్క వేసుకుంటుంటే, లోపల నాయన ఒక్కడే విస్తరి ముందు కూర్చున్నాడు. నేను వడ్డించాను. అన్న ఉప్పుకుండ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. నాయన ఒక ముద్ద తిన్నాడు. తలెత్తి అన్నను చూశాడు. అన్న నాయనను చూశాడు. తరవాత అన్న వెనక్కి తిరిగి కుండను అటక మీద పెట్టేశాడు. నాయన ఆ చప్పిడి కూడు ఆకు నాకినట్టు తిన్నాడు. అన్న మర్చిపోయాడని నేను అనుకోవాలని అనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు.

మూడు నెలలు ఊరు నిద్రపోయింది. తరవాత ఒక శనివారం హిందూపురం చింతపండు మార్కెట్లో, బస్తాల మధ్య, గంగప్ప తరాజు ముందు వంగి ముల్లు చూస్తుంటే మా నాయన వెనక నుంచి పోయాడు. చూసినవాళ్ళు చెప్పారు, పదకొండు నరుకులు. నల్లటి చింతపండు మీద నెత్తురు కనపడదు, తడి మాత్రం మెరుస్తుంది. "రాజీకూడు తిని ఇదేం పాపమప్పా!" అని ఒక దళారీ అరిస్తే, మా నాయన కత్తి తుడుచుకుంటూ, "తిన్నా. నా ఆకులో ఉప్పు పడలే. అడుగుపోండి" అన్నాడట.

జైలు, బెయిలు. బెయిలు మీద వచ్చాక ఊళ్ళో ఉండటానికి లేక ధర్మవరంలో మా మేనత్త ఇంట్లో దాచాలని బయల్దేరాం. వాళ్ళది మగ్గాల వీధి. రైలు దిగి స్టేషను బయటికి వచ్చాం. నా చేతిలో టిఫిన్ క్యారియరు, అందులో నాయన కోసం వండిన పప్పన్నం. రంగు వేసిన పట్టునూలు చిలపలు కొయ్యలకు ఆరేసి ఉన్నాయి, ఎరుపు, పచ్చ. ఆ నూలు వెనక నుంచి తిప్పన్న వచ్చాడు. వాడు పరిగెత్తలేదు, నడిచే వచ్చాడు. నాయన నన్ను ఒక పక్కకు నెట్టాడు, అదే ఆయన నాకు చేసిన ఆఖరి పని. నేను కళ్ళు మూసుకోలేదు. క్యారియరు కింద పడి మూత పోయింది, అన్నం మీద పడింది నాయన నెత్తురు. తిప్పన్న ఆయాసపడుతూ నన్ను చూశాడు. "నువ్వే గదా చప్పిడి పిల్ల?" అన్నాడు. ఆ గొంతు జీవితమంతా వింటానని అప్పుడు నాకు తెలియదు.

కేసు పెనుకొండ కోర్టులో. సాక్షిని నేను. ఆ మధ్యే మా అన్నకు ఢిల్లీ ఉద్యోగం వచ్చింది, పరాయిదేశాలకు పంపే ఉద్యోగం. పోయేముందు మళ్ళీ రాజీ కుదిర్చాడు. కోర్టు కాంపౌండులో వేపచెట్టు కింద పెద్దమనుషులు కూర్చున్నారు. నేను సాక్ష్యం చెప్పకూడదు, తిప్పన్న బయటికి రావాలి, నన్ను తిప్పన్నకు ఇవ్వాలి, రెండిళ్ళ పగ అక్కడితో ఆగాలి. మా ఇంట్లో మిగిలిన మగవాడు అన్న ఒక్కడు, వాళ్ళింట్లో తిప్పన్న ఒక్కడు. లెక్క సరిపోయింది అందరికీ. నన్ను అడిగినవాడు లేడు. కోర్టు గోడ మీద కూర్చుని తెగిన చెప్పు పట్టీ చూసుకుంటూ విన్నాను. తిప్పన్న ఒకటే షరతు పెట్టాడు: "చేసుకుంటా. ఇంట్లో పెట్టుకుంటా. ఆ పిల్ల చేతి ఉప్పు మాత్రం తినను. కేశవుడు ఈ ఊరికి వచ్చిననాడు నా చెయ్యి నా చేతిలో ఉండాల." పెద్దమనుషులు చిన్నవాడి కోపం అనుకున్నారు, కరిగిపోతుందన్నారు. అన్న నా దగ్గరికొచ్చాడు. "పాపా, ఒకనాడు తింటాడులే" అన్నాడు. నేను చెప్పు అతని మొహాన విసిరాను. కంటి కింద తగిలింది. ఫొటోల్లో ఆయన ఎడమ కంటి కింద మచ్చ చూసి ఆ ఢిల్లీ అమ్మాయి ఏ దేశంలో తగిలిన దెబ్బో అనుకుంటోంది.

ఇంటాయన పేరు చెప్పకూడదంటారు. ఇప్పుడు అడిగేవాడు లేడు కాబట్టి తిప్పన్న, తిప్పన్న అని చెబుతూనే ఉన్నాను. మొదటి రోజు పరధ్యానంగా కూరలో ఉప్పు వేశాను. ఒక ముద్ద నోట్లో పెట్టి ఉమ్మేసి, కంచం నా నెత్తిన బోర్లించి, జుట్టు పట్టుకుని పొయ్యి రాళ్ళ దాకా ఈడ్చాడు. నుదుటి మీద ఈ గీత అప్పటిదే. ఆ తరవాత వండగానే ముందు ఆయన వాటా చప్పగా తీసి పక్కన పెట్టి, మిగతాదాంట్లో ఉప్పు వేసేదాన్ని. పెనుకొండ హోటల్లో దోశలు తినేవాడు, చుట్టాల ఇళ్ళల్లో తినేవాడు. నా చేతిది మాత్రం చప్పిడే. పిల్లలు పుట్టారు, పెరిగారు, అదే చప్పిడి. నడివయసులో తల తిరుగుతోందని హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోతే, డాక్టరు బీపీ చూసి, "ఏమ్మా, ఈయనకు ఉప్పు తగ్గించాలి" అన్నాడు. నేను ఆసుపత్రి అని కూడా చూడకుండా పడీ పడీ నవ్వాను. ఆయన కూడా మీసంలో నవ్వుకోవడం చూశాను. నా తండ్రిని చంపినవాడు, నన్ను కొట్టినవాడు, నేను కాన్పులో చచ్చిపోబోతే రొద్దం దాకా భుజాన మోసుకుని పరిగెత్తినవాడు, అన్నీ ఒక్కడే. ఏ పక్క పట్టుకుని ఏడవాలో తెలిసేది కాదు.

అన్న ఉత్తరాలన్నీ ఒకే మాటతో ముగిసేవి: ఇంట్లో ఉప్పు ఉందా? నేను ఒకే జవాబు రాయించేదాన్ని: ఇంకా లేదు. ఇలా కొన్నేళ్ళు జరిగాక పోస్టుమాస్టరుకు కడుపు తరుక్కుపోయింది. ఒకనాడు సైకిలు మీద గోనెసంచి వేసుకుని మా ఇంటికొచ్చాడు. "ఏమక్కా, అన్న రాయబారి, చెల్లెలింట్లో ఉప్పుకే గతి లేదా? మా ఆఫీసోళ్ళందరం కలిసి తెచ్చినాం, తీసుకో" అన్నాడు. బస్తాడు రాళ్ళుప్పు. మా ఇంటాయన వాకిట్లో కూర్చుని మచ్చుకత్తి నూరుకుంటున్నాడు. ఉత్తరం వచ్చిన రోజల్లా దాన్ని నూరేవాడు. "దించు సారూ, గొర్లకు పనికొస్తాది" అన్నాడు. పోస్టుమాస్టరు మంచినీళ్ళు కూడా తాగకుండా సైకిలెక్కాడు.

నేను అబద్ధం రాయించింది నా బిడ్డ పెళ్ళికి. ఈ రాస్తున్నదాని తల్లి పెళ్ళి. మేనమామ ఎత్తుకుని పందిట్లోకి తీసుకురావాలి కదా. మా ఇంటాయన, "మేనమామ లేని పెళ్ళే చేస్తా" అన్నాడు. నా బిడ్డ మూడు రోజులు అన్నం తినలేదు. నేను రొద్దం పోయి రాయించాను: ఉప్పు సరిపోతోంది. నువ్వు రా.

అన్న అప్పటికి రాష్ట్రపతి దగ్గర ఉన్నాడు. పోలీసు బండ్లు పెనుకొండలో ఆపేసి, తను ఒక్కడే నడిచొచ్చాడు. చెప్పులు గడప బయట వదిలాడు. మిట్టమధ్యాహ్నం. జుట్టు తెల్లగా, నడుము కొంచెం వంగి ఉంది. నాకు మాత్రం ఆ ఉత్త కాళ్ళే కనపడ్డాయి. మా ఇంటాయన పడసాలలో మంచం మీద ఉన్నాడు. లేవలేదు. చెయ్యి చాపి గోడకున్న మచ్చు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరు పిలిస్తే వచ్చినావప్పా?"

అన్న నన్ను చూశాడు. నేను నేల చూశాను. ఆయనకు అర్థమైపోయింది. వెనక్కి పోవచ్చు, గడప రెండడుగుల్లోనే ఉంది.

"ఆకలేస్తాండాది తిప్పన్నా. రోంత కూడు పెట్టమను" అన్నాడు.

"ఇంటికొచ్చి కూడు అడిగినోన్ని కాదనను. తిన్నాక చూస్తాం."

ఎదురెదురుగా విస్తళ్ళు వేశాను. మా ఇంటాయన మచ్చును విస్తరి పక్కనే, నీళ్ళ చెంబు పెట్టాల్సిన చోట పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఒకే గిన్నెలోది వడ్డించాను, ఉప్పు లేనిది. నా చెయ్యి అలవాటుగా అదే తీసింది. అన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, నమలడం ఆపాడు. లేచాడు. వంటింట్లోకి పోయి ఉప్పు డబ్బా, గరిటె తెచ్చాడు. గరిటె మా ఇంటాయన విస్తరి మీద పట్టుకుని నిలబడ్డాడు. మచ్చు పిడి మీద ఈయన చెయ్యి పడింది.

"ఆ పొద్దు గూడా ఇట్లనే తిరిగినావు. మా నాయనకు పెడ్తివి, నాకు పెడ్తివి. నవ్వుకుంటా తింటిమి. మీ నాయనకు ఒక్కనికి మర్చిపోతివి. ఆ మరుపుకు మా నాయన సచ్చె."

"మర్చిపోలే" అన్నాడు అన్న.

ఈయన తలెత్తాడు.

"మర్చిపోలేదు తిప్పన్నా. కుండ నా చేతిలోనే ఉండె. మా నాయన నా కండ్లలోకి చూసె. మా పెదనాయన్ను మోసింది నేనే, ఆ చెయ్యి లేని భుజం నాకు తగుల్తానే ఉండె. పెట్టబుద్ధి గాలే. తెలిసే పెట్టలే."

"ఈ మాట ఆ పొద్దు కోర్టుకాడ చెప్పింటే?"

"నన్ను నరికేటోనివి."

"నరికేటోన్ని" అన్నాడు ఈయన.  పందిట్లో మైకు సరిచూసేవాళ్ళ గొంతులు వినపడుతున్నాయి. అన్న పట్టుకున్న గరిటెలోంచి ఉప్పు నాలుగు రాళ్ళు మచ్చు మీద రాలాయి. "దేశాలన్నీ తిరిగి అందరికీ చెప్తివి గదప్పా, ఈ మాట మాత్రం ఇంతకాలం యాడ పెట్టుకుంటివి?"

అన్న గరిటెలో మళ్ళీ ఉప్పు నింపుకున్నాడు. 

మా ఇంటాయన మచ్చును మంచం కిందికి తోసి, విస్తరి రోంత ముందుకు జరిపాడు. "పెట్టు. నువ్వు గూడా కూచో. ఈ ఇంటికి పెద్దోన్ని నేను, ఈసారి ముందు నేను తింటేనే నువ్వు తినాల." ఉప్పు కలుపుకుని ముద్ద మింగాడు. మింగి, నా వైపు తిరిగి, "ఇన్నేండ్లు ఇంత బాగ వండుతాంటివా నువ్వు?" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మరునాడు అన్న నా బిడ్డను ఎత్తుకుని పందిట్లోకి తీసుకొచ్చాడు. నడుము పట్టేసి రెండు వారాలు ఢిల్లీలో మంచం దిగలేదట. ఆ తరవాత మా ఇంటాయన పోయేదాకా నా చేతి ఉప్పు తిన్నాడు, డాక్టరు వద్దన్నా తిన్నాడు. పోయిన ఏడు అన్న కూడా పోయాడు.

ఇప్పుడు గంగప్ప మునిమనవడు, అంటే నా మనవడూ, మా దాయాదుల పిల్లలూ హిందూపురంలో ఒకే బట్టల దుకాణంలో పనిచేస్తారు, ఒకే మోటారు సైకిలు మీద తిరుగుతారు. వాళ్ళకు మచ్చు అంటే కొబ్బరికాయలు కొట్టేది. మంచిదే. రాజీకూడు సంగతి చెబితే, ఒక కాగితం రాసుకుంటే పోయేది కదా అవ్వా అంటారు. కాగితాల మీద రాసుకున్న దేశాలు ఎలా ఉన్నాయో మా అన్ననే అడగాల్సింది. ఆయనకు తెలుసు, ముప్పై మంది ఆకుల్లో పెట్టి ఒక్క ఆకులో పెట్టకపోతే ఏమవుతుందో. అందుకే ముసలివాడయ్యేదాకా ప్రతి బల్ల దగ్గరా ఇంటి పెద్ద పళ్ళెంలోకే చూశాడు.

అన్న తన మాట చెప్పి పోయాడు. నాదొకటి మిగిలింది. ఆ రోజు అవ్వ ఉప్పుకుండ వైపు చూసిన చూపుకు అనుమానమొచ్చి, ఆమె కుండ ఎత్తకముందే నేను పిడికెడు ఉప్పు తీసి కొంగున ముడి వేసుకున్నాను, ఆమె అటు తిరగగానే గుండిగలో వేద్దామని. కుండ అటక మీద పెడుతూ కూడా అవ్వ నా మీంచి చూపు తిప్పలేదు, తరవాత పొయ్యి దగ్గరి నుంచి కదలలేదు, వేయలేకపోయాను. అన్న కుండ అటక మీద పెట్టి వాకిట్లోకి పోయాక, నాయన పక్కన నేను ఒక్కదాన్నే ఉన్నాను, విసనకర్ర పట్టుకుని. ముడి నా నడుముకు గుచ్చుకుంటూనే ఉంది. విప్పితే ఒక్క క్షణం పని. చెనిక్కాయ చెట్టు పట్టుకున్న ఆ చెయ్యి నాకూ కనపడింది. నేను విసురుతూ కూర్చున్నాను. మా ఇంటాయన నా చేతి ఉప్పు తిన్నన్నాళ్ళూ తప్పంతా అన్నదే అనుకుని తిన్నాడు. నేను అనుకోనిచ్చాను.

మనవరాలు రాయడం ఆపింది. "తాతకు తెలిసింటే ఏం చేసేటోడవ్వా?"

"మళ్ళీ చప్పిడి తినేటోడు" అన్నాను. "రాయి. ఒక్క మాట గూడా వదలొద్దు. రాసినాక ఆ ఢిల్లీ పిల్లకు పంపు."